పురుగుమందులు, కూలివాని క్రోమోజోములు: రేచెల్ కార్సన్ అధ్యాయముపై ఒక విమర్శ

రేచెల్ కార్సన్ రచించిన 'సైలెంట్ స్ప్రింగ్' అను గ్రంథము 1962 సెప్టెంబరులో అమెరికాలో వెలువడినది. పేరును తెలుగు చేయవలెనన్న 'నిశ్శబ్ద వసంతము' అనవచ్చును. డి.డి.టి. చల్లిన ఊళ్ళలో పక్షుల కూతలు ఆగిపోవుటను గురించి ఆ గ్రంథము చెప్పిన మాటలు మన పాఠశాలల వ్యాసరచన పోటీలలో కూడ వినబడుచుండును. పుస్తకము పేరు ఎరిగినవారు పెక్కుమంది. దానిలోని పదమూడవ అధ్యాయమును మొదటినుండి తుదివరకు చదివినవారు మాత్రము తక్కువ. ఆ అధ్యాయమునకు ఆమె పెట్టిన పేరు 'ఇరుకు కిటికీ గుండా' అని. పురుగుమందులు జీవకణములోనికి చొరబడి అక్కడి శక్తి వ్యవస్థను, ఆపైన తరతరములకు అందవలసిన జన్యుసంపదను ఎట్లు చెరుపగలవో అందులో వివరించినది.

నేను డిగ్రీ విద్యార్థులకు కణశాస్త్రము బోధించునపుడు ఈ అధ్యాయమును కొన్నేండ్లుగా వాడుకొనుచున్నాను. చదివి వినిపించిన గంట విద్యార్థులు కదలక కూర్చుందురు. ఉపాధ్యాయునకు అంతకంటె కావలసినదేమి? కాని ఒక సంవత్సరము, పాఠము చెప్పిన మరునాడు, ప్రత్తి పండించు ఊరినుండి వచ్చు ఒక విద్యార్థి ప్రయోగశాల వెలుపల నన్ను ఆపినాడు. "సార్, మా అన్న ఆరేళ్ళనుంచి కూలికి మందు కొడుతున్నాడు. మా వదినకు ఇప్పుడు అయిదో నెల. మీరు చెప్పింది రాత్రి ఇంట్లో చెప్పాను. మా అమ్మ అన్నం తినలేదు. బిడ్డకేమన్నా అవుతుందా సార్?" అని అడిగినాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. చెప్పలేకపోవుటకు కారణము ఆ విషయములో శాస్త్రము ఏమియు చెప్పకపోవుట కాదు. ఆ అధ్యాయమును నేను విమర్శబుద్ధితో చదువకపోవుట. అటుపిమ్మట దానిని మరల చదివి, తరువాత అరువది సంవత్సరములలో పనివారిపై జరిగిన పరిశోధనలను చేతనైనంత వరకు వెదకి చూచితిని. ఈ వ్యాసము ఆ చదువు ఫలితము.

మొదట అధ్యాయములోని బలమును చెప్పవలెను. నేత్రములోని వర్ణద్రవ్యములపై పరిశోధించిన జార్జి వాల్డ్, తన పనిని దూరమునుండి చూచిన సన్నని వెలుగుగీతగా మాత్రమే కనబడి, దగ్గరకు పోయినకొలది విశాల దృశ్యమును చూపు కిటికీతో పోల్చినాడు. కార్సన్ ఆ పోలికను తీసికొని మనలను దేహమునుండి అవయవమునకు, అవయవమునుండి కణమునకు, కణమునుండి మైటోకాండ్రియాకు నడిపించును. ఆహారము దహనమై శక్తిగా మారుట, ఆ శక్తి ఎ.టి.పి. అణువులలో నిలువచేయబడుట, డైనైట్రోఫినాల్ వంటి పదార్థములు ఈ రెండు క్రియల జోడును విడదీయుట (ఎద్దులు పరుగెత్తుచుండగా బండి కాడి ఊడిపోయినట్లు) ఇంత తేటగా చెప్పిన పాఠ్యపుస్తకము నాకు తారసపడలేదు. ఈ భాగములో నేడు దిద్దవలసినది చాల స్వల్పము.

రెండవ భాగము జన్యువులను గురించినది. ఇందులో ఆమె వాదము రెండు స్తంభములపై నిలిచియున్నది. మొదటిది 1927లో హెర్మన్ ముల్లర్ ఎక్సుకిరణములతో ఫలపు ఈగలలో ఉత్పరివర్తనములను కలిగించి చూపుట. రెండవది 1940 తరువాత ఎడింబరో విశ్వవిద్యాలయములో షార్లట్ అవర్‌బాక్, రాబ్సన్ అనువారు మస్టర్డ్ వాయువుతో అదేపని జరుగునని కనుగొనుట. యుద్ధకాలపు రహస్యమగుటచే వారి ఫలితము 1946 వరకు ప్రచురణకు నోచుకొనలేదు. ఈ రెండవ కథలో కార్సన్ చెప్పని ముచ్చట ఒకటి కలదు. అవర్‌బాక్ తన ప్రయోగములను తగిన రక్షణ లేకయే చేసినది. మస్టర్డ్ వాయువు సోకి ఆమె చేతులు కాలి బొబ్బలెక్కినవి. రసాయనము జన్యువును మార్చగలదని లోకమునకు చూపిన మనిషియే ఆ రసాయనము చేతులకు తగిలించుకొనిన పనిమనిషి కూడ. మన విషయమునకు ఇది సరియైన ప్రారంభము కాగలిగియుండెడిది.

ఇక్కడినుండి కార్సన్ వాదము ఇట్లు సాగును: కిరణములు క్రోమోజోములను విరుచును, కొన్ని రసాయనములును విరుచును, కనుక పురుగుమందులను కూడ కిరణములవలెనే అనుమానింపవలెను. సాక్ష్యముగా బి.హెచ్.సి., లిండేను తగిలిన మొక్కల వేళ్ళు గడ్డలుకట్టి వాటి కణములలో క్రోమోజోములు రెట్టింపగుట, డి.డి.టి. సోకిన దోమలు కొన్ని తరములలో సగము మగ సగము ఆడగా పుట్టుట మున్నగు వానిని చూపినది. మొక్కలు ఉన్నవి, దోమలు ఉన్నవి, ఈగలు ఉన్నవి. మందు చల్లు మనిషి ఎక్కడ? అధ్యాయమంతటిలో అతడు నిలకడగా కనబడునది ఒక్కచోట: విమానములనుండి డి.డి.టి. చల్లువారిలో వీర్యకణముల సంఖ్య తగ్గినట్లు వైద్యులు వ్రాసిన నివేదికలను పేర్కొనిన ఒక్క వాక్యములో. అదియైనను వీర్యకణముల సంఖ్యను గురించినది. వానిలోని జన్యువుల స్థితిని గురించినది కాదు. ఎక్కువ మందు ఎవని ఒంటిమీద పడునో ఆ మనిషి ఆ అధ్యాయపు అంచులలో నిలబడిపోయినాడు.

దీనికి రచయిత్రిని నిందించుట న్యాయము కాదు. మానవకణములో క్రోమోజోములు 46 అని టియో, లెవాన్ అనువారు ప్రకటించినది 1956లో. అంతవరకు పాఠ్యపుస్తకములు 48 అని వ్రాయుచుండెను! రక్తపు చుక్కనుండి తెల్లకణములను పెంచి క్రోమోజోములను లెక్కించు సులభపద్ధతి 1960 నాటిది. పుస్తకము 1962లో వచ్చినది. పనివాని రక్తమును పరీక్షించుటకు సాధనము అప్పుడే కొలిమినుండి బయటపడినది. ఆమె అడిగిన ప్రశ్న సాధనముకంటె ముందు వచ్చినది. అది ఆమె గొప్పతనమే. మన విమర్శ ఆమెపైకంటె, ఆమె 'కావచ్చును' అని వ్రాసినదానిని 'అగును' అని తరగతిలో చెప్పుచున్న మనపై ఎక్కువ.

ఆ ఒక్క వాక్యము ఎంత దూరదృష్టి గలదో పదునైదేండ్ల తరువాత తేలినది. 1977లో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి లాత్రోప్ అను ఊరిలో ఒక రసాయన కర్మాగారపు పనివారు, పెండ్లియై ఏండ్లు గడచినను తమలో పలువురకు పిల్లలు కలుగుటలేదని తమలో తాము మాటలాడుకొనునపుడు గ్రహించినారు. పరీక్షింపగా కొందరిలో వీర్యకణములు బొత్తిగా లేవు, మరికొందరిలో మిక్కిలి తక్కువ. వారు తయారుచేయుచుండినది డై బ్రోమో క్లోరో ప్రొపేను, అనగా భూమిలోని నులిపురుగులను చంపుటకు వాడు మందు. ఇది ఎలుకల వృషణములను క్షీణింపజేయునని 1961లోనే శాస్త్రపత్రికలో అచ్చయి ఉన్నది. పదునారేండ్లు ఆ కాగితము అల్మారాలో ఉన్నది, పనివాడు యంత్రము దగ్గర ఉన్నాడు. అమెరికాలో దాని వాడుక అధికభాగము 1979లో నిలిపివేయబడినది. ఈ కథలో కనుగొన్నవారు శాస్త్రజ్ఞులు కారు, పనివారు. శాస్త్రజ్ఞులు లెక్కపెట్టి ధ్రువపరచినారు.

ఇపుడు కార్సన్ వాదములో బలహీనమైన భాగమునకు వత్తము. అది కిరణములతో పోలిక. కిరణము విషయములో ఎంత చిన్న మోతాదైనను కొంత హాని చేయవచ్చునని భావించుట పరిపాటి. ఒక్క దెబ్బ ఒక్క జన్యువును మార్చుటకు చాలును గనుక. మస్టర్డ్ వాయువును, ఒకప్పుడు ధాన్యపు గిడ్డంగులలో పొగవేసిన ఇథిలీన్ డై బ్రోమైడును ఈ కోవలో చేర్చుట సమంజసమే, అవి డి.ఎన్.ఎ.తో నేరుగా రసాయనిక బంధము ఏర్పరచుకొనును. కాని అన్ని మందులును ఇట్లు పనిచేయవు. మన రైతులు ఎరిగిన కార్బెండజిమ్ అను తెగులు మందును చూడుడు. అది డి.ఎన్.ఎ. జోలికి పోదు. కణము విభజన చెందునపుడు క్రోమోజోములను రెండు ప్రక్కలకు లాగు కండె పోగులు ట్యూబ్యులిన్ అను మాంసకృత్తుతో తయారగును. ఈ మందు ట్యూబ్యులిన్‌కు అంటుకొని కండెను కట్టనీయదు. ఉల్లివేరు ప్రయోగములో మనము కోల్చిసిన్‌తో చేయు పని ఇదియే. ఫలితముగా ఒక పిల్లకణమునకు క్రోమోజోము ఎక్కువ, ఇంకొకదానికి తక్కువ కావచ్చును. అయితే ఒకటి రెండు ట్యూబ్యులిన్ అణువులు చెడినంత మాత్రమున కండె కూలదు. చాల అణువులు ఒక్కసారి పట్టుబడవలెను. కనుక ఈ జాతి మందులకు ఒక హద్దు మోతాదు ఉన్నదని, దానికి దిగువన హాని కనబడదని ప్రయోగములలో తేలినది. కిరణముల సూత్రము ఇక్కడ పనికిరాదు. 'జన్యుహాని' అను ఒక్క మాట క్రింద రెండు వేరు యంత్రాంగములు దాగియున్నవన్నమాట. కార్సన్ చూపిన క్రోమోజోములు రెట్టింపైన మొక్కలు చాలవరకు ఈ రెండవ రకమునకు దగ్గరివే. ఆమె వానిని మొదటి రకముతో కలిపి చెప్పినది.

ఇక డి.డి.టి. సంగతి. సూక్ష్మజీవులపై చేసిన ఉత్పరివర్తన పరీక్షలలో అది సాధారణముగా దోషిగా తేలలేదు. అయినను 2015లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ డి.డి.టి.ని మానవులలో క్యాన్సరు కలిగింప అవకాశము అధికముగా గల పదార్థముల వరుసలోను, లిండేనును నిశ్చయముగా క్యాన్సరు కలిగించు వాని వరుసలోను చేర్చినది. వీనికి చూపిన మార్గములలో ప్రధానమైనది దేహపు రోగనిరోధక శక్తి క్రుంగుట. అనగా అనుమానించిన దొంగ దొంగయే, కాని కార్సన్ చూపిన కన్నములోనుండి వచ్చినవాడు కాడు. ఆ సంవత్సరమే గ్లైఫోసేటు అను కలుపుమందు క్యాన్సరు కలిగింప అవకాశము అధికమనియు, అది జన్యువులకు హాని చేయుననుటకు బలమైన సాక్ష్యమున్నదనియు ఆ సంస్థ చెప్పగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ కొద్ది నెలలకే అట్టి అవకాశము కనబడదని చెప్పినది. ఇరువురూ శాస్త్రజ్ఞులే. ఒకరు పదార్థమునకు హాని చేయు గుణము కలదా అని అడిగిరి. మరియొకరు వాడుకలోని మోతాదులో హాని జరుగునా అని అడిగిరి. వారు పరిగణించిన కాగితములును అన్నియు ఒకటి కావు. విద్యార్థులకు చర్చనీయాంశముగా ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

మూడవ విషయము నా విద్యార్థి ప్రశ్నకు సంబంధించినది. దేహకణము వేరు, బీజకణము వేరు. రక్తములోని తెల్లకణపు క్రోమోజోము విరిగినచో ఆ హాని ఆ మనిషితోనే అంతమగును. క్యాన్సరుకు దారితీయవచ్చునేమో గాని బిడ్డకు సంక్రమింపదు. సంక్రమింపవలెనన్న వీర్యకణములోనో అండములోనో మార్పు జరుగవలెను. కార్సన్ అధ్యాయము ఈ రెంటిమధ్య అటునిటు పోవుచుండును. వంశమునకు ముప్పు అని మొదలుపెట్టి, ఉదాహరణలలో దేహకణములను చూపి, మరల వంశమునకు వచ్చును. చదువరి ఆ మారుట గమనింపడు. నేను గమనింపలేదు, తరగతిలో ఆ రెంటిని కలిపివేసితిని. కిరణముల విషయములోనే హీరోషిమా, నాగసాకి నగరములలో బాంబు తాకిడికి గురియై బ్రతికినవారికి తరువాత పుట్టిన 70,000కు పైగా శిశువులను జేమ్స్ నీల్, విలియం షుల్ అనువారు పరీక్షించి, 1956లో ప్రకటించిన గ్రంథములో వంశపారంపర్యపు హాని పెరిగినట్లు నిశ్చయముగా చెప్పదగిన సాక్ష్యము కనబడలేదని తెలిపినారు. హాని లేదని దీని అర్థము కాదు. అంతటి కిరణపాతము తరువాత అంతమందిలో వెదకినను పట్టుబడనిది, మన ఊరి ఒక్క ఇంటిలో తప్పక జరిగితీరునని చెప్పు అధికారము మాత్రము ఎవరికిని లేదు.

మరి పనివారిని నేరుగా పరీక్షించిన పరిశోధనలు ఏమి చెప్పినవి? ఇవి 1970 దరిదాపులనుండి వచ్చుచున్నవి. పద్ధతులు ముఖ్యముగా మూడు. రక్తములోని తెల్లకణములను గాజుపాత్రలో రెండు దినములు పెంచి, విభజన మధ్యలో ఆపి, విరిగిన క్రోమోజోములను సూక్ష్మదర్శినితో లెక్కించుట మొదటిది. విభజనలో వెనుకబడిన క్రోమోజోము ముక్క విడిగా చిన్న కేంద్రకముగా ముడుచుకొనును. అట్టి సూక్ష్మకేంద్రకములను లెక్కించుట రెండవది. మూడవది 1984లో మొదలై 1988లో నేటి రూపము పొందిన తోకచుక్క పరీక్ష: కణమును జిగురువంటి పొరలో ఇమిడ్చి విద్యుత్తు ప్రసరింపజేసినచో తెగిన డి.ఎన్.ఎ. ముక్కలు తోకవలె సాగును. తోక పొడవు హానికి కొలత.

నాకు మిక్కిలి నచ్చినది 1973లో అమెరికా శాస్త్రజ్ఞులు యోడర్, వాట్సన్, బెన్సన్ అనువారు ప్రకటించిన పరిశోధన. వారు మందు కొట్టువారి రక్తమును మందు పని లేని శీతకాలములోను, పని ముమ్మరముగా సాగు వేసవిలోను పరీక్షించినారు. వేసవిలో క్రోమోజోముల పగుళ్ళు, విరుగుళ్ళు స్పష్టముగా పెరిగినవి. ఇందలి అందము ఏమనగా, ప్రతి మనిషికి పోలిక అతడే. అతని వయస్సు, చుట్ట, తిండి ఆరునెలలలో పెద్దగా మారవు. పని లేనపుడు హాని తక్కువగా ఉన్నదనగా కణములు దానిని బాగుచేసికొనుచున్నవో, చెడిన కణములు రాలిపోవుచున్నవో కావలెను. అయితే అంతయు బాగగునని అనుకొనరాదు. 1989లో మిన్నిసోటాలో గారీ బృందము ధాన్యమునకు ఫాస్ఫీను పొగవేయువారిని పరీక్షించగా, సాధారణ విరుగుళ్ళు పని కాలము ముగిసినపిమ్మట తగ్గినవి. కాని ఒక క్రోమోజోము ముక్క మరొకదానికి అతుకుకొనిన స్థిరమైన మార్పులు పని మానిన తరువాత కూడ మిగిలియున్నవి. నిలిచిపోవునది ఇదియే, భయపడవలసినదియు ఇదియే.

ఈ రంగములో మన హైదరాబాదు వెనుకబడి లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్రజ్ఞులు 1987లో ఆంధ్రప్రదేశ్ ద్రాక్షతోటలలో మందు చల్లువారిపైన, 1989లో ప్రత్తి చేలలోని పనివారిపైన తమ పరిశోధనలను ప్రకటించి, వారి క్రోమోజోములలో హాని ఎక్కువని చూపినారు. 1991లో ప్రత్తి చేలలో పనిచేయువారి దంపతులు సుమారు వేయిమందిని, ఆ పని లేని అంతేమందిని పోల్చి, మొదటి వర్గములో గర్భస్రావములు మున్నగునవి ఎక్కువగా ఉన్నవని తెలిపినారు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వారు పురుగుమందులు తయారుచేయు 54 మంది పనివారిని, మరి 54 మంది ఇతరులను తోకచుక్క పరీక్షతో పోల్చి 2003లో ప్రకటించిన ఫలితము ప్రకారము పనివారి కణములలో సగటు తోక సుమారు రెండింతలు పొడవుగా ఉన్నది. మన నేలపై, మన మనుష్యుల రక్తముతో జరిగిన ఈ పనిని మన పాఠ్యపుస్తకములు పేర్కొనకుండుట, అమెరికాలోని పక్షిని గురించి మాత్రము చెప్పుచుండుట విచారింపదగినది.

అయినను గౌరవము వేరు, విమర్శ వేరు. ఈ పరిశోధనలను చదువునపుడు కొన్ని సందేహములు తప్పవు. మనుష్యుల సంఖ్య పదులలో ఉండును. మోతాదును కొలిచినవారు అరుదు. 'ఇన్ని సంవత్సరములు పనిచేసెను' అన్నదే కొలత. పనివాడు ఒక్క ఋతువులో నాలుగైదు మందులు కలిపి కొట్టును గనుక దోషము దేనిదో విడదీయుట సాధ్యము కాదు. పొగాకు క్రోమోజోములను చెరుపును. పొగత్రాగువారిని విడదీయని లెక్క లెక్క కాదు. హాని కనబడిన పరిశోధన సులభముగా అచ్చగును, కనబడనిది సొరుగులో నిలిచిపోవును. తోకచుక్క పరీక్ష చూపు తెగుళ్ళలో చాలభాగము కొన్ని గంటలలో కణమే అతుకుకొనునట్టివి. కనుక పొడవైన తోకను రోగమని చదువరాదు.

వీనికంటె నన్ను కలవరపెట్టునది మరియొకటి. ఆకుకూరలలో లభించు ఫోలిక్ ఆమ్లము తక్కువైనచో, మందు సోకకున్నను సూక్ష్మకేంద్రకములు పెరుగునని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ఫెనెక్ మొదలగువారు చూపినారు. మందు కొట్టు కూలి తినునది ఏమి, పోలికకు తెచ్చిన మనిషి తినునది ఏమి అని విచారింపక ఇరువురి కణములను సరిపోల్చినచో, మనము కొలుచునది పురుగుమందునో పేదరికమునో తెలియదు. రెండునూ కావచ్చును. బలహీనమైన తిండి తిను దేహముపై మందు హెచ్చుగా పనిచేసినను ఆశ్చర్యము లేదు. దీనిని ప్రత్యేకముగా పరిశీలించుట మనవంటి దేశములలోనే జరుగవలెను, మిన్నిసోటాలో జరుగదు.

ఇన్ని లోపములున్నను మొత్తముమీద ఏమి నిలుచును? 2003లో ఇటలీ శాస్త్రజ్ఞురాలు బొలొనేసి అంతవరకు మనుష్యులపై జరిగిన పరిశోధనలను కూర్చి పరిశీలించి, అధికభాగములో క్రోమోజోముల హానికిని మందు తాకిడికిని సంబంధము కనబడినదనియు, తాకిడి తక్కువగానున్న చోట్ల ఫలితము తరచుగా శూన్యమనియు తేల్చినది. తాకిడి పెరిగిన హాని పెరుగుట, తగ్గిన తగ్గుట యాదృచ్ఛికము కాదనుటకు మంచి గుర్తు. ఇక విరిగిన క్రోమోజోములు రోగమునకు సూచనయా అన్న ప్రశ్నకు 1998లో ఐరోపా బృందమొకటి సమాధానమిచ్చినది. నార్డిక్ దేశములలోను ఇటలీలోను రక్తపరీక్ష జరిగిన వేలకొలది మనుష్యులను ఏండ్లతరబడి గమనింపగా, క్రోమోజోముల హాని హెచ్చుగానున్న వర్గములో క్యాన్సరు హెచ్చుగా వచ్చినది. వీరందరు మందు కొట్టువారు కారు. ఒక్కొక్క మనిషి భవిష్యత్తును దీనినుండి చెప్పలేము. వర్గమునకు మాత్రము ఇది హెచ్చరిక. కాబట్టి కార్సన్ అనుమానము మొత్తముమీద నిలిచినది. ఆమె చూపిన దారులలో కొన్ని మూసికొనిపోయినవి, కొన్ని క్రొత్తవి తెరచుకొనినవి.

అధ్యాయపు చివర ఆమె చేసిన ఫిర్యాదు ఒకటి ఉన్నది. దానిని ఎవ్వరును ఉదాహరింపరు. తయారీదారులు చట్టము ప్రకారము విషప్రభావమును పరీక్షింపవలసియున్నను జన్యుప్రభావమును పరీక్షింపవలసిన నిర్బంధము లేదని ఆమె వ్రాసినది. నేడు పరిస్థితి అది కాదు. క్రొత్త మందు నమోదు కావలెనన్న ఉత్పరివర్తన పరీక్షలు చూపవలెను. అయితే ఆ పరీక్షలు ఒక్కొక్క మందును విడిగా, బాక్టీరియాలపైనను ఎలుకలపైనను చేయునవి; కూలివాని డబ్బాలోని మిశ్రమముపై కాదు. పరీక్ష ఫలితము అతని చేతికి అందునా? మన దేశపు మందు సీసాలపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగుల గుర్తు ఉండును. ఎలుకలలో సగమును చంపు మోతాదును బట్టి ఆ రంగు నిర్ణయింపబడును. పైన చెప్పిన కార్బెండజిమ్‌కు ఆ మోతాదు కిలో బరువునకు 5,000 మిల్లీగ్రాములకు ఎంతో పైన. కనుక ఆ కొలతలో అది ఆకుపచ్చ వర్గమునకు చెందును. క్రోమోజోముల సంఖ్యను తారుమారు చేయగలదని ప్రపంచమంతయు ఎరిగిన పదార్థము అది. ఆకుపచ్చ గుర్తు చూచి చేత్తో కలుపు కూలిని అజ్ఞాని అనగలమా? రంగు అతనికి చెప్పినది వెంటనే చావడని మాత్రమే. 1968 నాటి కీటకనాశినుల చట్టము క్రింద 1971లో చేసిన నియమములలో పనివారికి వైద్యపరీక్షలు, కొన్ని మందులకు రక్తములోని కోలినెస్టరేజు కొలత చేర్చినారు. మంచిదే. కాని కోలినెస్టరేజు నరములకు తగిలిన దెబ్బను చూపును. క్రోమోజోములకు తగిలినదానిని చూపదు. పైగా రోజుకూలికి పంపు మోయువానిని ఏ వైద్యుని వద్దకు ఎవరు తీసికొనిపోవుదురు?

ఉపాధ్యాయులకు ఒక సూచన. ఈ అధ్యాయమును తరగతిలో వాడుట మానవలదు; నేనును మానలేదు. ఇపుడు చదివి వినిపించుటకు ముందు నల్లబల్లపై రెండు గీతలు గీయుచున్నాను: దేహకణములు ఒకవైపు, బీజకణములు ఒకవైపు. ప్రతి ఉదాహరణ రాగానే ఏ వైపు వ్రాయవలెనో విద్యార్థులే చెప్పుదురు. బీజకణముల వైపు ఎంత ఖాళీగా మిగులునో వారే చూతురు.

నా విద్యార్థికి ఆలస్యముగానైనను చెప్పిన జవాబు ఇది: నీ అన్న రక్తములో కొంత హాని ఉండవచ్చును, అది అతని ఆరోగ్యమునకు సంబంధించినది, బిడ్డకు తప్పక ఏదో అగునని నేను చెప్పినట్లు వినబడినచో అది నా తప్పు. కొట్టునపుడు మందు చాలవరకు చర్మముగుండానే లోనికి పోవును గనుక తడిసిన చొక్కా వెంటనే మార్చుట, చేతికి తొడుగు లేక కలుపకుండుట, ఆ బట్టలను మీ వదినచేత ఉతికింపకుండుట ముఖ్యము. ఆ చివరి మాట విని అతడు తలవంచుకొనినాడు. అంతవరకు ఆమెయే ఉతుకుచుండినదట.

బిడ్డ ఆరోగ్యముగా పుట్టినది. సంతోషించి, చూచితివా అన్నాను. "ఒక్క బిడ్డతో ఏం తెలుస్తుంది సార్? ఎంతమంది కావాలి?" అన్నాడు. ఇద్దరము బల్లదగ్గర కూర్చుండి లెక్కవేసితిమి. సాధారణముగా వందమంది శిశువులలో సుమారు ముగ్గురికి పుట్టుకలోపము ఉండును. అది పనివారి పిల్లలలో నాలుగున్నరకు పెరిగినదనుకొందము. ఆ తేడాను యాదృచ్ఛికము కాదని తగినంత నమ్మకముతో పట్టుకొనుటకు ఒక్కొక్క వర్గములో సుమారు 2,500 మంది శిశువులు కావలెనని వచ్చినది. అతడు ఆ కాగితము మడిచి జేబులో పెట్టుకొని, తమ మండలములో మందు కొట్టువారు ఎందరుందురో గ్రామములవారీగా లెక్క తెచ్చెదనని వెళ్ళినాడు.